మూడు గుట్టలు, ఒక ఎర్ర చీర

అడవి ఉద్యోగం చేసి రిటైరైనవాడు నోరు తెరిస్తే పులి దూకాలి. అది ఆనవాయితీ. నా సర్వీసులో ఒక్క పులి కూడా నా ఎదుటికి రాలేదు. మా ఇద్దరికీ అదే మంచిదైంది. కాబట్టి కొత్తగా ఖాకీ తొడుక్కున్న పిల్లలు వచ్చి "సార్, మీ అనుభవం ఏదైనా చెప్పండి" అని కూర్చుంటే, నేను సీతాఫలాల సంగతి ఎత్తుకుంటాను. వాళ్ళ ముఖాలు వాడిపోతాయి. వాడిపోనీ. పులి ఎదురైతే ఏం చేయాలో మీకు ట్రైనింగ్‌లో చెప్తారు. గంప ఎత్తుకున్న ఆడమనిషి ఎదురైతే ఏం చేయాలో ఎవరూ చెప్పరు.

రాష్ట్రం వచ్చింది. కొన్నాళ్ళకు జిల్లాలు చీలాయి. ప్రతి కొత్త జిల్లాకూ చెప్పుకోవడానికి ఒక గొప్ప కావాల్సి వచ్చింది. ఒక జిల్లాకు జలపాతం దొరికింది, ఇంకో జిల్లాకు పాత కోట దొరికింది. కొత్తకోట దగ్గర పెద్ద రోడ్డు దిగి లోపలికి పోతే, మా సెక్షన్‌కు దొరికినవి మూడు గుట్టలు. గుట్టలంటే మరీ ఊహించుకోకండి. మేకలు పొద్దున ఎక్కి, మధ్యాహ్నానికి విసుగొచ్చి దిగిపోయేంతటివి. ఎటు చూసినా గుండ్లు, గుండ్ల సందుల్లో పరికి కంప, తంగేడు, బలుసు. మిగిలిన జాగా అంతా సీతాఫలం పొదలు. వాటిని ఎవరూ నాటలేదు, ఎవరూ నీళ్ళు పోయలేదు. అందుకే బతికాయి. మేం నాటినవాటి గతి ఏమైందో ఇక్కడ రాయను, పండగపూట ఎందుకు.

అప్పుడే మాకు ఒక పెద్దసారు కొత్తగా వచ్చారు. చిన్న వయసు, మంచి చదువు, ఎక్కడో మంచుకొండల్లో ట్రైనింగ్ అయిన మనిషి. ఆయన బూట్లు చూసి మా జీపు డ్రైవర్, నా ఈడువాడే, చెవి దగ్గరికి వచ్చి, "సాబ్, గీ బూట్లు సారుకంటే ముందుగాల్నే గుట్టెక్కేటట్టున్నయి" అన్నాడు.

సారు రోడ్డు మీద నిలబడి మూడు గుట్టలనూ చూసి, "ఇక్కడ ట్రెక్కింగ్ రూట్ పెడదాం. సిటీ వాళ్ళు వీకెండ్‌లో పరుగెత్తుకొస్తారు" అన్నారు.

"గుట్టలు మరీ చిన్నవి సార్" అన్నాను.

"చిన్నవే కావాలి. బిగినర్స్ కోసం."

పుట్టినప్పటి నుంచి గుట్టలుగా బతికినవి ఆ పూట నుంచి శిఖరాలయ్యాయి. మొదటి శిఖరం, రెండో శిఖరం, మూడో శిఖరం. నా పని ఏమిటంటే, మొదటి దాని కింద మొదలుపెట్టి మూడోదాని నెత్తి దాకా నడిచి, బాట ఎటు పోవాలో పొదలకు ఎర్ర రిబ్బన్ కట్టుకుంటూ పోవాలి. ఆదివారం సారు అతిథులతో వచ్చి ఆ గుర్తుల వెంట నడిచి ప్రారంభం చేస్తారు. ఆ తర్వాత కూలీలను పెట్టి, రిబ్బన్ కట్టిన పొదలన్నీ కొట్టించి, ఇద్దరు పక్కపక్కన నడిచేంత వెడల్పు బాట తీస్తారు. పచ్చటి ప్రకృతిని జనానికి చూపించడం కోసం ముందు దాన్ని కొట్టెయ్యడం మా శాఖలో కొత్తేమీ కాదు.

రిబ్బన్ రాలేదు. అడిగితే "దారిలో ఉంది" అన్నారు. మా ఆఫీసుకు రావలసిన వస్తువులన్నీ ఎప్పుడూ దారిలోనే ఉండేవి. చివరికి ఇంట్లో మా ఆవిడ పాత ఎర్ర చీర ఒకటి తీసి పీలికలుగా చింపాను. ఆమె గడప మీద నిలబడి చూసింది.

"గుట్టకు చీర పెడుతున్నవా? మంచిదే. నాకు పెట్టి ఎన్నేండ్లయిందో యాదికున్నదా?" అంది.

వెంట మా బీట్ ఆఫీసర్ రావాలి. ఆ మనిషి మోకాలు విచిత్రమైనది. దావత్‌లో భోజనాల బంతిలో కూర్చుంటే నొప్పి లేదు, సంతలో గొర్రెల మధ్య తిరిగితే నొప్పి లేదు. గుట్ట అనే మాట చెవిన పడగానే పట్టుకునేది. కాబట్టి ఒక్కణ్ణే బయలుదేరాను, భుజాన చీర పీలికల సంచీ, చేతిలో నీళ్ళ సీసా.

ఆ రోజు ఎంగిలిపూల అమావాస్య. ఊళ్ళో ఆడవాళ్ళంతా బతుకమ్మ పేర్చే పనిలో ఉన్నారు, గుట్ట మీద నరపురుగు లేదు. కింద తంగేడు పసుపు గుమ్మరించినట్టు పూసింది. పైకి పోయేకొద్దీ పొదలు ఒకదాని చేయి ఒకటి పట్టుకుని దారి ఇచ్చేది లేదని మొండికేశాయి. పరికి ముల్లుకు ఒక గుణం ఉంది. ముందుకు పోతే ఊరుకుంటుంది, వెనక్కి లాక్కుంటే మాత్రం వదలదు. చొక్కా చేయి ఒకటి దానికే సమర్పించుకున్నాను. గుండ్ల మధ్య దోనెలో వాననీళ్ళు నిలిచి ఉంటే ముఖం కడుక్కున్నాను. రెండో గుట్ట దిగి మూడోది ఎక్కేటప్పుడు, ఎవరూ వినేవాళ్ళు లేరు కదా అని పాట కూడా ఎత్తుకున్నాను. మూడోదాని నెత్తి మీద నిలబడితే దూరంగా పెద్ద రోడ్డు, దాని మీద లారీలు, ఇటు పత్తి చేన్లు, చెరువు. గాలి బాగా వీస్తోంది. నిజం చెప్తున్నాను, నాకు చాలా సంతోషమేసింది. రిటైర్మెంట్ కొద్ది నెలల్లో ఉంది. ఇన్నేళ్ళకు ఒక పని పూర్తిగా, ఒంటిగా, ఫోన్ మోగకుండా చేశాను. పొద పొదకూ కట్టుకుంటూ వచ్చిన ఎర్రటి వరస వెనక్కి చూసుకుని మురిసిపోయాను. ముడులు కూడా గట్టిగా వేశాను. సర్కారు పని అలా గట్టిగా జరగడం అరుదు.

శుక్రవారం నాడు సెక్షన్ ఆఫీసుకు ముగ్గురు ఆడవాళ్ళు వచ్చారు. ముందు నిలబడిన ఆమెకు యాభై దాటి ఉంటాయి. కూర్చోమంటే కూర్చోలేదు.

"గుట్ట మీద ఎర్రగుడ్డ గట్టింది నువ్వేనా సారు?"

"నేనేనమ్మా" అన్నాను. గొంతులో కొంచెం గర్వం కూడా ఉండి ఉండాలి.

"అన్ని పండ్లు ఏం జేసుకుంటవు?"

"ఏం పండ్లు?"

ఆమె పక్కవాళ్ళ వైపు తిరిగి, "జూసిన్రా, గీ సారుకు ఏం దెల్వదు. నేను జెప్పలే?" అంది. అది నన్ను తిట్టడమో వెనకేసుకు రావడమో నాకు ఇప్పటికీ తేలలేదు.

తర్వాత చెప్పింది. ఎంగిలిపూల మర్నాడు ఊళ్ళో సీతాఫలాలు తెంపే ఇళ్ళన్నీ గుట్ట ఎక్కుతాయి. ఎవరి వరస పొదలకు వాళ్ళు తమ పాత చీర పీలిక కడతారు. గుడ్డ కట్టిన పొద ఆ సీజనంతా ఆ ఇంటిది. ఇంకొకరు కాయను ముట్టుకోరు. ఒకరి గుడ్డ ఇంకొకరు విప్పితే వాళ్ళను ఇక గుట్ట ఎక్కనివ్వరు. ఎప్పుడో ఒక ముడి విప్పిన పాపానికి రెండు ఇళ్ళ మధ్య తలలు పగిలాయట, అప్పటి నుంచి కట్టుబాటు మరింత గట్టిపడింది. ఈసారి వాళ్ళు ఎక్కి చూస్తే మూడు గుట్టలకూ, మంచి మంచి పొదలన్నిటికీ, ఒకే చీర గుడ్డ కట్టి ఉంది. ఊళ్ళో ఇంత ఆశబోతు ఇల్లు ఏదా అని ఒకరినొకరు అనుమానించుకున్నారు, తిట్టుకున్నారు. మేకలు కాసే ఆయన ఖాకీ ప్యాంటును చూశానని చెప్పేదాకా బతుకమ్మ ఆటలో కూడా ఒకరి పక్కన ఒకరు నిలబడలేదట.

"నాకు వద్దమ్మా ఆ పండ్లు. మీరే తెంపుకోండి" అన్నాను. పెద్ద మనసు చేసుకున్నట్టు చేయి కూడా ఊపాను.

"నోటితోని జెప్తే అయితదా సారు? గట్టినోడే ఇప్పాలె."

"సరే, మా బీట్ ఆఫీసర్‌ను పంపిస్తాను."

"ఆయన గట్టిండా?"

లోపలి గదిలో బీట్ ఆఫీసర్ మోకాలు ఊపిరి పీల్చుకుంది.

"కండ్లు తెల్లబడ్డయి సారు" అందామె. కాయ మీది కళ్ళ మధ్య గీతలు తెల్లబడితే తెంపే అదును వచ్చినట్టు. "రేపో ఎల్లుండో తెంపకుంటె చెట్టు మీదనే పల్గుతయి. ఉడతలు తింటయి, పిట్టలు తింటయి. నా కోడలుకు నెలలు నిండినయి. దవాఖానకైనా, దాని తిండికైనా, నాకు గా రెండో గుట్ట పొదలే దిక్కు. మా అత్త కాలం సంది తెంపుతున్న. గిప్పుడు నీ గుడ్డను జూస్కుంట గూసోవాల్నా?"

గొంతు పెంచకుండానే అడిగింది. పెంచి ఉంటే నాకు సులువయ్యేది, కసురుకుని పంపించేవాణ్ణి.

వాళ్ళు వెళ్ళాక సారుకు ఫోన్ చేశాను. ఆయన ఇంకేదో కాగితం చూసుకుంటూ సగమే విన్నారు. "ఈ ఆచారం ఎక్కడైనా రాతపూర్వకంగా ఉందా?" అని అడిగారు. లేదన్నాను. "మరి? ఆదివారం దాటనివ్వండి, చూద్దాం. మార్కింగ్ మాత్రం కదలకూడదు" అని పెట్టేశారు. నా పెన్షన్ కాగితాలు అప్పటికే ఆయన టేబుల్ మీద ఉన్నాయి. ఆ సంగతి ఆయన గుర్తు చేయలేదు. నాకే గుర్తొచ్చింది.

బీట్ ఆఫీసర్ హితం చెప్పాడు. "సార్, మనం ఏం సూడనట్టు ఉంటె అయిపాయె. సోమారం ఇప్పుదాం."

"అప్పటికి పండ్లు పలిగిపోతాయి."

"పల్గితె మనయా సార్?"

డ్రైవర్ టీ గ్లాసు కింద పెట్టి, "సాబ్, ఒక్క పూటల మూడు గుట్టలు కబ్జా వెట్టిన్రు. హైద్రాబాద్‌ల గూడ గింత జల్దీ ఎవ్వడు వెట్టలే. నేను మీకు సలాం గొట్టాలె" అన్నాడు. అందరం నవ్వాం. నా నవ్వు మాత్రం సగంలోనే ఆగిపోయింది. ఉద్యోగంలో ఎవరి సొమ్మూ ముట్టలేదని ఇంట్లో చెప్పుకునేవాణ్ణి. ఎక్కడా చెయ్యి పెట్టకుండానే ఊరంతటి నోటి కూడు లాగేసుకోవచ్చని తెలియదు.

శనివారం పొద్దున్నే మళ్ళీ ఒక్కణ్ణే ఎక్కాను. ఎక్కేటప్పుడే సారుకు చెప్పాల్సిన సమాధానం సిద్ధం చేసుకున్నాను: కోతులు. మా జిల్లాల్లో ఇంటి పెంకులు పగిలినా, మక్కచేను పోయినా, పిల్లల పుస్తకం కనబడకపోయినా కోతులే. చీర పీలికలు ఒక లెక్కా?

కట్టడం ఒక ఎత్తు, విప్పడం ఒక ఎత్తు. మధ్యలో వాన పడి ముడులు బిగుసుకుపోయాయి. గోళ్ళతో రాకపోతే పళ్ళతో లాగాను. మా ఆవిడ చీర రుచి చూసిన మగవాణ్ణి జిల్లాలో నేనొక్కణ్ణే అయి ఉంటాను. విసుగొచ్చి కత్తి తీశానో లేదో, కింద పొదల్లోంచి కేక వినబడింది.

"కొయ్యొద్దు సారూ! కోస్తె పంచాయితి అయితది! ఇప్పు!"

అప్పుడు చూశాను. ఆడవాళ్ళు నా వెనకాల, కొంచెం దూరంగా, పొద వెనక పొద దాటుకుంటూ వస్తున్నారు. సాయం చేయడానికి కాదు. నేను ఒక ముడి విప్పి ముందుకు కదలగానే, ఆ వరస గల ఇంటామె వచ్చి తన పీలిక కడుతోంది. నాతో ఒక్క మాట లేదు. రెండో గుట్ట మీద, ఆఫీసుకు వచ్చినామె, నేను విప్పిన చోట తన నీలం చీర అంచు కట్టి, ముడిని ఒకసారి లాగి చూసుకుని, అప్పుడు మాత్రం, "ఇంక పై పొదలకు గూడ ఉన్నయి సారు" అంది. అంత మెచ్చుకోలు మా శాఖలో కూడా ఎవరూ ఇవ్వలేదు.

మూడో గుట్ట నెత్తి మీద చివరి ముడి. అక్కడిదాకా ఎవరూ రాలేదు. కూర్చుని ఆలోచించాను. ఈ ఒక్కటి ఉంచితే సారుకు చూపించడానికి ఏదో ఒకటి ఉంటుంది, పెన్షన్‌కూ దారి ఉంటుంది. పొదకు నాలుగు కాయలున్నాయి, అంతే. నాకు భయమేసింది, దాచుకోవడం దేనికి. చాలాసేపు ఆ ముడి వైపే చూస్తూ కూర్చున్నాను. తర్వాత విప్పేశాను. దిగేటప్పుడు ఎవరో పిలిచి, పైన ఒక పొద మిగిలిందా అని అడిగారు. మిగలలేదన్నాను.

ఆదివారం సారు వచ్చారు. ఆయన వెంట నగరం నుంచి అతిథులు, టోపీలు, చేతికర్రలు, ఫోటోలు తీసే మనిషి. నేను కోతులను గొంతులో పెట్టుకుని నిలబడ్డాను. సారు తల ఎత్తి గుట్టల వైపు చూశారు. మూడు గుట్టల నిండా గుడ్డలు. నీలం, పసుపు, ఆకుపచ్చ, గళ్ళది, పూలది, జరీ పోయిన అంచులు.

"వండర్‌ఫుల్! నేను ఒక్క ఎరుపే చెప్పాను, మీరు కలర్ కోడింగ్ చేశారు!" అన్నారు.

కోతులు గొంతులోనే ఆగిపోయాయి.

"నీలం ఈజీ రూట్, పసుపు కష్టమైనది. అంతేనా?"

"అంతే సార్" అన్నాను. ఇన్నేళ్ళలో నాకు బాగా అలవాటైన మాట అదే.

నీలం పట్టుకుని నడిచారు. ఆ నీలం ఒక ఇంటి కోడళ్ళూ అత్తలూ కాయ ఉన్న పొద వెంట పొద చూసుకుని కట్టింది. అది ఎక్కడికీ పోదు. గుండు చుట్టూ తిరిగి, కిందికి దిగి, మళ్ళీ అదే గుండు దగ్గరికి వచ్చింది. అతిథులు ఆ గుండుతో ఫోటో దిగారు. కాసేపటికి మళ్ళీ అదే గుండు వచ్చింది. మళ్ళీ దిగారు. "ఇదేం రాయి, అచ్చం అలాగే ఉంది" అని ఒకాయన ఆశ్చర్యపోయాడు. తర్వాత పసుపు పట్టుకున్నారు. పసుపు సరాసరి పరికి కంపలోకి తీసుకుపోయింది. వెనక్కి లాక్కోవద్దని నేను చెప్పేలోపే ఒకాయన లాక్కున్నాడు. ఆయన ప్యాంటు గురించి ఇంతకంటే రాయడం మర్యాద కాదు.

రెండో గుట్ట మీదికి చేరేసరికి అందరి నీళ్ళూ అయిపోయాయి. సారు చెమట తుడుచుకుని, చేతికి అందిన పొద నుంచి ఒక సీతాఫలం తెంపారు. కళ్ళు తెల్లబడి, నొక్కితే విచ్చుకునేట్టున్న పండు. పొద అవతల నుంచి ఒకామె గంపతో లేచి నిలబడింది. ఆఫీసుకు వచ్చినామే.

"గుడ్డ కనవడలేదా సారు?"

"ఏ గుడ్డ?"

"గీ గుడ్డ."

సారు నవ్వారు. చెడ్డ మనిషి కాదు ఆయన. "ఇది గవర్నమెంట్ భూమి అమ్మా. ఈ చెట్లన్నీ మావే" అన్నారు నెమ్మదిగా.

"చెట్లు మీయే సారు. ఎవలు గాదన్నరు? గుడ్డ నాది."

సారు జేబులోంచి పర్సు తీశారు. ఆమె చేతులు గంప మీద నుంచి కదలలేదు. "నేను అమ్మలే. నువ్వు తెంపినవు. గది వేరె, గిది వేరె. గుడ్డ గట్టిన పొదల చెయ్యి వెట్టినోళ్ళు గా యేడు గుట్టెక్కద్దు. మా ఇంటోళ్ళకైనా గంతే, మీకైనా గంతే."

అటూ ఇటూ పొదల్లోంచి మిగతా ఆడవాళ్ళు లేచారు. ఫోటోలు తీసే మనిషి కెమెరా దించేశాడు. సారు నా వైపు తిరిగారు. తనెవరో ఆమెకు నేను చెప్పాలి. అధికారి పక్కన చిన్న ఉద్యోగి ఉండేది అందుకే. "అంతే సార్", "చూస్తాం సార్", "అయిపోతుంది సార్" అనే మూడు మాటలతో నేను ఇల్లు కట్టాను, పిల్లలను చదివించాను. ఆ మూడింట్లో ఒక్కటీ అప్పుడు నోటికి రాలేదు.

"దిగుదాం సార్. ఇక్కడ కట్టు ఇది" అన్నాను.

"మీరు ఎవరి తరఫున మాట్లాడుతున్నారు?"

"ఎర్ర గుడ్డ నేను కట్టాను సార్. తెలియక కట్టాను, నిన్న నేనే వచ్చి విప్పాను. ఇవి రూట్ గుర్తులు కావు, వీళ్ళ పొదలు."

ఆయన చేతిలోని పండు వైపు, పొదకు కట్టిన గుడ్డ వైపు చూశారు. తర్వాత వంగి పండును ఆమె గంపలో పెట్టి, వెనక్కి తిరిగి దిగిపోయారు. ఆ బూట్లు దిగడానికి కూడా బాగానే పనికొచ్చాయి.

సోమవారం మెమో వచ్చింది, ప్రభుత్వ గుర్తులను ఎందుకు తొలగించారో సంజాయిషీ ఇవ్వమని. ఇచ్చాను. ట్రెక్కింగ్ మరో జిల్లాకు తరలిపోయింది, అక్కడి గుట్టలు ఇంకా చిన్నవట. మా గుట్టల మీద ఒక్క పొద కూడా నరకలేదు. నా పెన్షన్ కాగితాలు మాత్రం ఆ టేబుల్ మీద బాగా మాగాయి. సీతాఫలం గడ్డిలో పెడితే నాలుగు రోజుల్లో మాగుతుంది, పెన్షన్‌కు అంతకంటే చాలా ఎక్కువ గడ్డి కావాలి. ఆ నెలలు ఇంట్లో ఎలా గడిచాయో మా ఆవిడను అడగండి. ముందుగా చీర సంగతి ఎత్తుతుంది, ఓపికగా వినండి.

అయితే ఆ ఆదివారం ఇంకొంచెం మిగిలి ఉంది. అందరూ దిగిపోయాక నేను అక్కడే ఒక గుండు మీద కూలబడ్డాను. నీళ్ళు లేక నోరు ఎండిపోయింది. లోపల మాత్రం ఏదో సాధించిన ఉత్సాహం. ఆఫీసుకు వచ్చినామె నా ఎదురుగానే పండ్లు తెంపి గంపలో పేర్చుకుంటోంది. ఊరి కోసం పెద్దసారుకు ఎదురు చెప్పినవాణ్ణి కదా, ఒక పండు చేతిలో పెడుతుందని ఎదురుచూశాను. పెట్టలేదు. ఆఖరికి నేనే అడిగాను.

"అక్కా, ఒక పండు ఇయ్యరాదు?"

ఆమె తెంపడం ఆపి, నన్ను కింది నుంచి మీదికి చూసింది.

"నీది ఏ పొద సారు?"

"నాకు పొదెక్కడిదక్కా."

"మరి?" అంది. అని కాసేపటికి, కొంచెం మెత్తబడి, "రేపు కొత్తకోట రోడ్డు మీదికి రా. ముందుగాల్ల నీకే సూపెడ్త. రేటు మాత్రం అందరికి ఒక్కటే" అని గంప నెత్తిన పెట్టుకుని పై వరసకు పోయింది.

నాకు కోపం వచ్చింది. సగం దిగేసరికి నవ్వొచ్చింది. సర్వీసంతా ఆ గుట్టలకు నేనే అధికారినని చెప్పుకుని తిరిగాను. ఆ సాయంత్రం మాత్రం, ఏ ఇంటి గుడ్డ కట్టిన కొమ్మా నా భుజానికి తగలకుండా, ఒళ్ళు దగ్గర పెట్టుకుని కిందికి దిగాను.